గృహరుణ అర్హత – పిల్లల సంరక్షణ వ్యయం: ఒంటరి తల్లుల ఆర్థిక స్థితిపై ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

ఇంటి రుణం మంజూరు చేసేటప్పుడు బ్యాంకులు దరఖాస్తుదారు ఆదాయాన్ని, అప్పటికే ఉన్న అప్పుల వాయిదాలను పోల్చి చూస్తాయి. పిల్లల సంరక్షణకు అయ్యే ఖర్చు అప్పు కాదు కనుక ఈ లెక్కలో దానికి సాధారణంగా స్థానం ఉండదు. అయితే ఒంటరిగా పిల్లలను పెంచే ఉద్యోగినికి ఆ ఖర్చు లేకుండా ఉద్యోగమే సాగదు. హైదరాబాదు వంటి నగరంలో పనిచేసే ఒంటరి తల్లి స్థితిని ఉదాహరణగా తీసుకుని, సంరక్షణ వ్యయం రుణ పరిమాణంపై, తొలి చెల్లింపుపై, ఇంటి ఎంపికపై చూపే ప్రభావాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది. ఈ ఖర్చును లెక్కించకపోవడం ఎంత పొరపాటో, రుణకాలమంతా ఉండే ఖర్చుగా లెక్కించడమూ అంతే పొరపాటని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: గృహరుణం, ఒంటరి తల్లి, శిశు సంరక్షణ, ఈఎంఐ, రుణార్హత, మిగులు ఆదాయం.

1. ఉపోద్ఘాతం

భర్త మరణించిన, విడాకులు పొందిన, భర్త విడిచిపెట్టిన స్త్రీలు, అవివాహిత తల్లులు, ఒంటరిగా దత్తత తీసుకున్నవారు – వీరందరినీ ‘ఒంటరి తల్లి’ అనే మాట కలిపి సూచిస్తుంది. వీరి సామాజిక స్థితిగతులు ఒకటి కావు. కానీ ఒక విషయంలో అందరి పరిస్థితీ ఒకటే: సంపాదన బాధ్యత, బిడ్డను చూసుకునే బాధ్యత ఒకే వ్యక్తిపై పడతాయి. ఒంటరి తండ్రికీ ఇది వర్తిస్తుంది.

సొంత ఇల్లు ఇటువంటి కుటుంబాలకు కేవలం ఆస్తి కాదు. అద్దె ఇల్లు మారినప్పుడల్లా బిడ్డ బడి, క్రెష్, నమ్మకమైన ఆయా, అవసరానికి ఆదుకునే ఇరుగుపొరుగు అన్నీ మారిపోతాయి. స్థిరమైన చిరునామా అంటే స్థిరమైన సంరక్షణ ఏర్పాటు. అందువల్ల గృహరుణం వీరికి అవసరమైన సాధనం. ఆ రుణాన్ని తీర్చగల శక్తిని కొలిచే పద్ధతి వీరి జీవితాన్ని సరిగ్గా కొలుస్తున్నదా అన్నది ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న.

2. రుణార్హత గణన – అది చూసేవి, చూడనివి

భారతదేశంలో గృహరుణ అర్హత ప్రధానంగా రెండు కొలతలపై ఆధారపడుతుంది. మొదటిది ఇంటి విలువకు, రుణానికి మధ్య ఉండే నిష్పత్తి. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం 30 లక్షల రూపాయల వరకు ఉన్న రుణాల్లో ఇంటి విలువలో 90 శాతం, 30 లక్షలు దాటి 75 లక్షల వరకు 80 శాతం, ఆ పైన 75 శాతం మించకూడదు. రెండవది దరఖాస్తుదారు నెలసరి ఆదాయంలో అప్పుల వాయిదాలకు పోయే భాగం. దీనిని కొన్ని సంస్థలు ఎఫ్‌ఓఐఆర్ అనీ, కొన్ని ప్రభుత్వరంగ బ్యాంకులు ఈఎంఐ–నికర ఆదాయ నిష్పత్తి అనీ వ్యవహరిస్తాయి. ఆదాయ స్థాయిని బట్టి, సంస్థను బట్టి ఈ పరిమితి మారుతుంది. ఆదాయంలో సగం అనేది తరచుగా కనిపించే ప్రమాణం.

ఈ రెండవ కొలతలోకి వాహన రుణం, వ్యక్తిగత రుణం, క్రెడిట్ కార్డు వాయిదాలు వస్తాయి. ఇవన్నీ రుణ సమాచార సంస్థల నివేదికల్లో నమోదై ఉంటాయి. క్రెష్‌కు కట్టే రుసుము, ఆయా జీతం ఏ నివేదికలోనూ ఉండవు. దరఖాస్తు పత్రంలో ఆధారపడినవారి సంఖ్యను అడుగుతారు గాని, వారిని చూసుకోవడానికి నెలకు ఎంత ఖర్చవుతున్నదని సాధారణంగా అడగరు. నిష్పత్తిని సగం దగ్గర నిలపడంలో ఒక ఊహ ఉంది: మిగిలిన సగంతో ఏ కుటుంబమైనా గడుపుకోగలదని. ఆ మిగిలిన సగం మీద ఎవరికి ఎంత భారం ఉందన్నది ఈ కొలతకు అందదు.

3. సంరక్షణ వ్యయ స్వభావం

తిండి, బట్టలు, వినోదం వంటి ఖర్చుల్లో అవసరాన్నిబట్టి కొంత తగ్గించుకోవచ్చు. సంరక్షణ వ్యయానికి ఆ వెసులుబాటు తక్కువ. క్రెష్ మాన్పిస్తే ఆ నెల నుంచే ఉద్యోగానికి వెళ్లడం కష్టమవుతుంది. అంటే ఇది ఆదాయం వచ్చిన తరువాత చేసే ఖర్చు కాదు, ఆదాయం రావడానికి ముందుగా పెట్టవలసిన ఖర్చు. వ్యాపారి సరుకు కొనుగోలు ఖర్చును తీసివేసిన తరువాతే లాభాన్ని లెక్కిస్తాడు. జీతం తీసుకునే తల్లి విషయంలో మాత్రం సంరక్షణ ఖర్చు తీసివేయకుండానే జీతం మొత్తాన్నీ ఆదాయంగా చూస్తున్నాం.

ఇద్దరు సంపాదించే కుటుంబంలోనూ ఈ ఖర్చు ఉంటుంది. కానీ అక్కడ సర్దుబాటుకు చోటుంది. ఒకరు ఉదయం, మరొకరు సాయంత్రం బిడ్డను చూసుకోవచ్చు. బిడ్డకు జ్వరం వస్తే సెలవులను పంచుకోవచ్చు. ఇంట్లో నాయనమ్మో అమ్మమ్మో ఉంటే ఈ ఖర్చు బయటికి కనిపించదు. ఒంటరి తల్లికి పుట్టింటి ఆదరణ ఉన్నా, పుట్టిల్లు జిల్లాలోనూ ఉద్యోగం నగరంలోనూ ఉంటే ఆ ఆదరణ రోజువారీ సంరక్షణగా మారదు. క్రెష్ మూతపడినా, ఆయా రాకపోయినా జీతం లేని సెలవు పెట్టవలసి వస్తుంది. ఆ నెల ఆదాయం తగ్గుతుంది గాని వాయిదా తగ్గదు. బకాయి 90 రోజులు దాటితే ఆ ఖాతా నిరర్థక ఆస్తిగా వర్గీకృతమవుతుంది. ఆ తరువాత 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసు ఇచ్చి ఇంటిని స్వాధీనం చేసుకునే ప్రక్రియను బ్యాంకు మొదలుపెట్టవచ్చు. సంరక్షణలో వచ్చిన చిన్న అంతరాయం ఇంటికే ముప్పుగా మారే దారి ఇది.

4. ఒక ఉదాహరణ గణన

ఈ కింది జీతం, ఖర్చుల అంకెలు వివరణ కోసం తీసుకున్నవి. వడ్డీ 8.5 శాతం, గడువు 20 ఏళ్లు అనుకుంటే లక్ష రూపాయల రుణానికి నెలసరి వాయిదా సుమారు 868 రూపాయలు. ఒక ఒంటరి తల్లికి నెలకు చేతికందే జీతం 80,000 రూపాయలు. మూడేళ్ల బిడ్డ క్రెష్‌కు 12,000, సాయంత్రం చూసుకునే ఆయాకు 6,000, మొత్తం 18,000 రూపాయలు ఖర్చు. వేరే అప్పులు లేవు. వాయిదా ఆదాయంలో సగం మించకూడదన్నది బ్యాంకు నియమం. సంరక్షణ ఖర్చును చూసే పద్ధతిని బట్టి ఆమె అర్హత మూడు విధాలుగా తేలుతుంది.

మొదటి పద్ధతి: ఖర్చును లెక్కలోకి తీసుకోకపోవడం. వాయిదా 40,000 వరకు అనుమతి. రుణం సుమారు 46.1 లక్షలు.

రెండవ పద్ధతి: ఖర్చును ముందుగా ఆదాయం నుంచి తీసివేయడం. మిగిలిన 62,000లో సగం 31,000. రుణం సుమారు 35.7 లక్షలు.

మూడవ పద్ధతి: ఖర్చును మరో అప్పు వాయిదాలా చూడటం. 40,000 నుంచి 18,000 తీసివేస్తే 22,000. రుణం సుమారు 25.3 లక్షలు.

వ్యక్తి ఒకరే, జీతం ఒకటే. అర్హతలో తేడా మాత్రం 20 లక్షలకు పైగా. మూడవ పద్ధతిలో సంరక్షణపై పెట్టే ప్రతి 1,000 రూపాయలూ సుమారు 1.15 లక్షల రుణార్హతను తగ్గిస్తాయి.

వాడుకలో ఉన్నది మొదటి పద్ధతి కనుక ఒంటరి తల్లికి మేలే జరుగుతున్నదని అనిపించవచ్చు. కానీ 40,000 వాయిదా, 18,000 సంరక్షణ ఖర్చు పోగా ఆమె చేతిలో మిగిలేది 22,000. తిండి, ప్రయాణం, కరెంటు, అపార్టుమెంటు నిర్వహణ రుసుము, మందులు, బడి ఖర్చు అన్నీ ఇందులోనే. ఇదే 80,000 ఆదాయం ఉండి, ఇంట్లో నాయనమ్మ బిడ్డను చూసుకునే దంపతుల చేతిలో 40,000 మిగులుతుంది. బ్యాంకు దృష్టిలో ఈ రెండు కుటుంబాల నిష్పత్తీ 50 శాతమే.

వడ్డీ పెరిగితే ఈ తేడా మరింత తీవ్రమవుతుంది. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి వరకు రెపో రేటు 4 శాతం నుంచి 6.5 శాతానికి చేరింది. పై ఉదాహరణలో వడ్డీ ఒక్క శాతం పెరిగి 9.5 అయితే, గడువు మార్చకుండా కట్టవలసిన వాయిదా సుమారు 2,960 రూపాయలు పెరుగుతుంది. 40,000 మిగులు నుంచి దాన్ని భరించడం వేరు, 22,000 నుంచి భరించడం వేరు.

5. తొలి చెల్లింపు, ఇంటి ఎంపిక

సంరక్షణ వ్యయం వాయిదాపైనే గాక, రుణానికి ముందు కూడబెట్టవలసిన సొమ్ముపైనా ప్రభావం చూపుతుంది. 50 లక్షల ఇంటికి 80 శాతం పరిమితిలో 40 లక్షల రుణం వస్తే మిగిలిన 10 లక్షలు సొంతంగా తెచ్చుకోవాలి. తెలంగాణలో స్టాంపు సుంకం, బదిలీ సుంకం, రిజిస్ట్రేషను రుసుము కలిపి 2021 జూలై నుంచి 7.5 శాతం. అంటే మరో 3.75 లక్షలు. ఈ ఛార్జీలను ఇంటి విలువలో కలిపి రుణం ఇవ్వడానికి, తక్కువ ధర ఇళ్లకు తప్ప, రిజర్వు బ్యాంకు నిబంధనలు అనుమతించవు. నెలకు 18,000 చొప్పున ఐదేళ్లలో సంరక్షణకు అయ్యే ఖర్చు 10.8 లక్షలు. తొలి చెల్లింపుకు కావలసిన 10 లక్షలను మించిన మొత్తం ఇది. బిడ్డ చిన్నగా ఉన్న కాలంలో పొదుపు ఎందుకు సాగదో ఈ పోలిక చెబుతుంది.

ఇంటి ఎంపికపై ప్రభావం ఇంకా సూక్ష్మమైనది. రుణార్హత తక్కువగా ఉన్నవారు నగర శివారులో తక్కువ ధరకు దొరికే ఇంటిని చూస్తారు. కానీ గచ్చిబౌలి, హైటెక్ సిటీ ప్రాంతాల్లో ఉద్యోగం చేస్తూ దూరపు శివారులో నివసిస్తే ప్రయాణ సమయం పెరుగుతుంది. ప్రయాణంలో గడిచే ప్రతి గంటా సంరక్షణకు డబ్బు చెల్లించవలసిన గంటే. ఇంటి ధరలో తగ్గినదానిలో కొంత భాగం సంరక్షణ ఖర్చుగా తిరిగి వస్తుంది. నిర్మాణంలో ఉన్న ఫ్లాట్ కొంటే ప్రస్తుత ఇంటి అద్దె, విడుదలైన రుణభాగంపై వడ్డీ, క్రెష్ రుసుము మూడూ ఒకే కాలంలో పడతాయి. స్వాధీనం ఆలస్యమైతే ఆ కాలం పొడిగిపోతుంది.

6. చట్టాలు, ప్రభుత్వ పథకాలు

2017లో సవరించిన ప్రసూతి ప్రయోజనాల చట్టం, 50 మంది లేదా అంతకు మించి ఉద్యోగులున్న సంస్థ క్రెష్ సౌకర్యం కల్పించాలని, తల్లి రోజుకు నాలుగు సార్లు బిడ్డను చూసి వచ్చేందుకు అనుమతించాలని నిర్దేశించింది. 2020 నాటి సామాజిక భద్రత స్మృతిలోనూ ఈ ఏర్పాటు కొనసాగింది. చిన్న దుకాణాలు, చిన్న ఆసుపత్రులు, ప్రైవేటు బడులలో పనిచేసే చాలామందికి ఇది వర్తించదు. కేంద్ర ప్రభుత్వ పాల్నా పథకం కింద అంగన్‌వాడీ సహిత క్రెష్‌లు ఆరు నెలల నుంచి ఆరేళ్ల వరకు వయసున్న పిల్లల కోసం ఉద్దేశించినవి. వీటి నిర్దేశిత సమయం రోజుకు ఏడున్నర గంటలు. తొమ్మిది గంటల పనిదినం, రెండు గంటల ప్రయాణం ఉన్న ఉద్యోగినికి ఇంకా మూడున్నర గంటల లోటు మిగులుతుంది.

పన్ను చట్టంలో మరొక విశేషం ఉంది. 1961 ఆదాయపు పన్ను చట్టం కింద పాత పన్ను విధానంలో గృహరుణ అసలు చెల్లింపు, పిల్లల బోధన రుసుము రెండూ 80సి సెక్షనులోని ఒకే 1.5 లక్షల పరిమితిలో చేరాయి. భవిష్యనిధి చందా కూడా అందులోదే. అంటే ఇల్లు, బిడ్డ చదువు ఒకే మినహాయింపు కోసం పోటీ పడతాయి. ప్లేస్కూలు, నర్సరీ బోధన రుసుముకు ఈ మినహాయింపు వర్తించినా, సంరక్షణకు మాత్రమే చెల్లించే క్రెష్ రుసుముకు, ఆయా జీతానికి వర్తించదు. కొత్త పన్ను విధానంలో ఈ 80సి మినహాయింపే లేదు.

మనోవర్తి విషయంలో న్యాయస్థానాల దృష్టి భిన్నంగా ఉంది. 2020లో రజనీష్ వర్సెస్ నేహా తీర్పులో సుప్రీంకోర్టు, మనోవర్తి కేసుల్లో ఇరుపక్షాలూ తమ ఆదాయం, ఆస్తులు, అప్పులతో పాటు పిల్లల ఖర్చుల వివరాలనూ అఫిడవిట్ రూపంలో సమర్పించాలని నిర్దేశించింది. న్యాయస్థానం అడిగే పత్రంలో ఉన్న ఈ వివరం బ్యాంకు దరఖాస్తులో సాధారణంగా కనిపించదు. మరోవైపు, తీర్పు ద్వారా వచ్చే మనోవర్తి క్రమంగా చేతికందుతున్నదని నిరూపించలేకపోతే దానిని ఆదాయంగా చూపడం కష్టం. విడాకులకు ముందు దంపతులు ఉమ్మడిగా తీసుకున్న రుణం ఉంటే, వారి మధ్య కుదిరిన ఒప్పందం బ్యాంకును కట్టుబరచదు. మాజీ భర్త వాయిదా ఎగవేస్తే ఆమె రుణ చరిత్ర కూడా దెబ్బతింటుంది.

7. ఇతర దేశాల పద్ధతులు

బ్రిటన్‌లో 2014 ఏప్రిల్ నుంచి అమలైన నిబంధనల ప్రకారం రుణసంస్థ దరఖాస్తుదారు అప్పులతో పాటు తప్పనిసరి గృహ ఖర్చులను, మౌలిక జీవన వ్యయాలను కూడా పరిశీలించాలి. పిల్లల సంరక్షణ ఖర్చును అక్కడి రుణసంస్థలు మామూలుగానే అడుగుతాయి. దీనివల్ల మోయలేని రుణం ఇచ్చే ప్రమాదం తగ్గుతుంది. అయితే నర్సరీ రుసుములు ఎక్కువగా ఉన్నచోట చిన్న పిల్లలున్న ఒంటరి తల్లికి వచ్చే రుణం కూడా తగ్గుతుంది. ప్రభుత్వ సహాయం పెరిగితే ఈ లెక్క మారుతుంది. ఇంగ్లాండులో 2025 సెప్టెంబరు నుంచి అర్హత గల ఉద్యోగస్థుల పిల్లలకు తొమ్మిది నెలల వయసు నుంచే బడి పనివారాల్లో వారానికి 30 గంటల సంరక్షణకు ప్రభుత్వ నిధులు అందుతున్నాయి. శిశు సంరక్షణ విధానం గృహ విధానం కూడా ఎలా అవుతుందో దీనినిబట్టి గ్రహించవచ్చు.

అమెరికాలో సాధారణ గృహరుణాలకు ఆదాయం–అప్పు నిష్పత్తే ప్రధానం. మాజీ సైనికుల వ్యవహారాల విభాగం హామీ ఇచ్చే రుణాలకు మాత్రం దానితో పాటు మిగులు ఆదాయ పరీక్ష కూడా ఉంది. పన్నులు, ఇంటి ఖర్చు, అప్పులతో పాటు ఉద్యోగం కోసం అయ్యే శిశు సంరక్షణ ఖర్చునూ తీసివేసి, కుటుంబ సభ్యుల సంఖ్యను, ప్రాంతాన్ని బట్టి నిర్ణయించిన కనీస మొత్తం మిగులుతున్నదా అని చూస్తారు. ఉదాహరణకు దక్షిణ ప్రాంతంలో 80,000 డాలర్లు, ఆపై రుణాలకు ఇద్దరున్న కుటుంబానికి 738 డాలర్లు, నలుగురికి 1,003 డాలర్లు ప్రమాణం. ఆదాయంలో ఎంత శాతం పోయింది అన్న ప్రశ్నతో ఆగకుండా, బతకడానికి ఎంత మిగిలింది అన్న ప్రశ్ననూ ఇది అడుగుతుంది.

8. కొద్దికాలపు ఖర్చు, దీర్ఘకాలపు అప్పు

సంరక్షణ వ్యయానికి ఒక కాలపరిమితి ఉంది. బిడ్డ బడిలో చేరాక బడి రుసుములు మొదలైనా, పూర్తిరోజు సంరక్షణ సాయంత్రం కొన్ని గంటలకు తగ్గుతుంది. మరికొన్నేళ్లకు ఆ అవసరమూ తీరుతుంది. ఇంటి రుణం 20 ఏళ్లది. నాలుగైదేళ్లు ఉండే ఖర్చును 20 ఏళ్లూ ఉంటుందన్నట్టు లెక్కించే మూడవ పద్ధతి ఆమెను అన్యాయంగా దూరం పెడుతుంది. అసలు లెక్కించని మొదటి పద్ధతి అత్యంత కష్టకాలంలో ఆమెపై పూర్తి భారం మోపుతుంది.

ఈ రెండింటి మధ్య ఒక మార్గం, వాయిదాను దశలవారీగా పెంచడం. పై ఉదాహరణలో మొదటి నాలుగేళ్లు 31,000, తరువాతి 16 ఏళ్లు 40,000 చెల్లించేలా ఏర్పాటు చేస్తే సుమారు 42.4 లక్షల రుణం తీరుతుంది. ఇందులో జాగ్రత్త అవసరం. ఆ రుణంపై మొదటి నెల వడ్డీయే సుమారు 30,060. వడ్డీ రేటు ఒక శాతం పెరిగితే నెల వడ్డీ 33,600 దాకా చేరి, 31,000 వాయిదా వడ్డీకే చాలదు. అసలు పెరుగుతూ పోతుంది. గడువు పొడిగింపు వల్ల ఇటువంటి స్థితి రాకుండా చూడాలని 2023 ఆగస్టులో రిజర్వు బ్యాంకు రుణసంస్థలను ఆదేశించింది. కనుక దశల వాయిదాకు తొలి ఏళ్లలో స్థిర వడ్డీ, లేదా ఇంకొంచెం తక్కువ రుణం తోడు కావాలి.

రెండవ మార్గానికి కొత్త పథకం అవసరం లేదు. వ్యక్తుల చలన వడ్డీ గృహరుణాలను ముందుగా తీర్చినందుకు జరిమానా వేయరాదన్న నియమం ఇప్పటికే ఉంది. 40 లక్షల రుణానికి 20 ఏళ్ల గడువులో వాయిదా సుమారు 34,700, 30 ఏళ్ల గడువులో సుమారు 30,760. వయసు అనుమతిస్తే దీర్ఘ గడువు తీసుకుని, ఐదేళ్ల తరువాత సంరక్షణ ఖర్చులో తగ్గినదాని నుంచి నెలకు 10,000 అదనంగా చెల్లిస్తే, వడ్డీ మారనంతవరకు రుణం మొత్తం దాదాపు 18 ఏళ్లలో తీరిపోతుంది. కష్టకాలంలో నెలకు దాదాపు 4,000 ఊరట, తరువాత వేగంగా విముక్తి. అయితే మిగిలిన డబ్బు నిజంగా రుణానికే చేరితేనే ఈ ఫలితం దక్కుతుంది. లేకపోతే వడ్డీ భారం చాలా పెరుగుతుంది.

9. ముగింపు

ఒంటరి తల్లి రుణ సామర్థ్యాన్ని జీతం ఒక్కటే నిర్ణయించదు. ఆ జీతం నిలబడటానికి ఆమె చెల్లించే సంరక్షణ మూల్యమూ నిర్ణయిస్తుంది. రుణసంస్థలు దరఖాస్తులో మూడు ప్రశ్నలు చేర్చినా చాలా స్పష్టత వస్తుంది: సంరక్షణకు నెలకు ఎంత ఖర్చవుతున్నది, అది ఇంకా ఎన్నేళ్లు కొనసాగుతుంది, అన్నీ పోగా ఎంత మిగులుతుంది. వీటి జవాబులను దరఖాస్తు తిరస్కరణకు కారణంగా కాక, వాయిదాల రూపకల్పనకు ఆధారంగా వాడాలి. అలా వాడకపోతే ఈ ప్రశ్నలే ఆమెకు మరో అడ్డుగోడ అవుతాయి.

గృహరుణాలపై, మహిళా ఉపాధిపై, శిశు సంరక్షణపై పరిశోధనలు మన విశ్వవిద్యాలయాల్లో వేర్వేరు శాఖల్లో సాగుతుంటాయి. ఒంటరి తల్లి ఇంటి లెక్కల పుస్తకంలో ఈ మూడూ ఒకే పుటలో ఉంటాయి. ఆ పుటను ఆధారంగా చేసుకుని జిల్లా స్థాయిలో కుటుంబాల వాస్తవ ఖర్చులను సేకరించే అధ్యయనాలు చేపడితే, రుణ విధానానికీ క్రెష్ విధానానికీ అవి ఒకేసారి ఉపయోగపడతాయి.